వాహనాలలో కుక్కల ప్రయాణం

'''వాహనాలలో కుక్కల ప్రయాణం''' అనగా పెంపుడు కుక్కలను కారు, ఆటో మొదలైన రహదారి వాహనాలలో క్షేమంగా, చట్టానికి లోబడి తీసుకువెళ్ళే పద్ధతి. ప్రయాణంలో కుక్క వాహనం లోపల స్వేచ్ఛగా తిరగకుండా ఛాతీపట్టీ, బోను, అడ్డుజాలి వంటి సాధనాలతో దానిని ఒకచోట నిలిపి ఉంచడం ఇందులో ముఖ్యమైన భాగం. ఈ జాగ్రత్త కుక్కకే కాక డ్రైవరుకు, తోటి ప్రయాణికులకు, రోడ్డుపై వెళ్ళే ఇతరులకు కూడా అవసరం. భారతదేశంలో సొంత కారులో వెళ్ళే కుక్కకు బెల్టు కట్టి తీరాలని ప్రత్యేకంగా చెప్పే చట్టం లేదు. అయితే జంతుహింస నివారణ చట్టం (1960), జంతువుల రవాణా నిబంధనలు (1978), మోటారు వాహనాల చట్టం (1988) ఈ విషయానికి వర్తిస్తాయి.

విషయ సూచిక
1 నేపథ్యం
2 ప్రమాదానికి కారణాలు
3 నియంత్రణ సాధనాలు
4 భారతదేశంలో చట్టాలు
5 వేసవి ఎండ, వడదెబ్బ
6 పోచంపల్లి మార్గం: ఒక ఉదాహరణ
7 ప్రయాణానికి ముందు, ప్రయాణంలో
8 ఇతర వాహనాలు, రైలు
9 ఇతర దేశాలలో
10 ఇవి కూడా చూడండి

== నేపథ్యం ==

తెలంగాణ పల్లెలలో కుక్క ప్రధానంగా కాపలా జంతువు. ఇంటికి, చేనుకు, గొర్రెల మందకు అది కావలి ఉంటుంది. నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాల గొల్ల, కురుమ కాపరులు మేత కోసం మందలను తోలుకొని దూరప్రాంతాలకు వెళ్ళేటప్పుడు కుక్కలు కూడా మంద వెంట నడిచి వెళ్ళేవి. కుక్కను బండిలో ఎక్కించుకొని వెళ్ళవలసిన అవసరం పల్లె జీవితంలో చాలా తక్కువ.

నగరాలలో కుక్కలను ఇంటి లోపల పెంచే అలవాటు, కుటుంబానికొక కారు ఉండడం పెరిగిన తరువాత ఈ పరిస్థితి మారినది. పశువైద్యుని వద్దకు, సొంత ఊరికి, సెలవు రోజులలో విహారయాత్రలకు కుక్కలను వెంట తీసుకువెళ్ళడం సాధారణమైనది. 2003లో వచ్చిన హచ్ మొబైల్ సంస్థ ప్రకటనల వలన పగ్ జాతి కుక్క దేశమంతటా ప్రసిద్ధి పొందినది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమేరియన్ వంటి జాతులు కూడా తెలుగువారి ఇళ్ళలో తరచు కనిపిస్తాయి. కారు కిటికీలోనుండి తల బయటపెట్టిన కుక్క, డ్రైవరు ఒడిలో కూర్చున్న కుక్కపిల్ల హైదరాబాదు రోడ్లపై కనిపించే దృశ్యాలే. చూడడానికి ముచ్చటగా ఉన్నా ఈ రెండూ ప్రమాదకరమైన అలవాట్లు.

== ప్రమాదానికి కారణాలు ==

=== ఢీకొన్నప్పుడు ===

కదులుతున్న కారులో ఉన్న ప్రతి వస్తువు, ప్రతి ప్రాణి కారుతో సమానమైన వేగంతో ముందుకు పోతూ ఉంటుంది. కారు హఠాత్తుగా ఆగినప్పుడు బెల్టు లేని ప్రాణి అదే వేగంతో ముందుకు కదలి సీటుకో, డాష్‌బోర్డుకో, అద్దానికో, ముందు సీటులోని మనిషికో తగిలి ఆగుతుంది. న్యూటన్ మొదటి గమన నియమానికి ఇది ప్రత్యక్ష ఉదాహరణ.

గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. ఈ వేగంతో గట్టి వస్తువుకు తగలడం దాదాపు 10 మీటర్ల ఎత్తు నుండి, అనగా మూడంతస్తుల మేడ మీద నుండి పడడంతో సమానం. గంటకు 80 కిలోమీటర్ల వేగానికి ఈ ఎత్తు 25 మీటర్లు అవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లకు కొద్దిగా మించి పెరిగితే దెబ్బ శక్తి రెండున్నర రెట్లు పెరగడానికి కారణం, గతిశక్తి వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉండడమే.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయినదని అనుకుంటే, అందులో బెల్టు కట్టిన ప్రాణిపై దాని బరువుకు సుమారు 20 రెట్లు బలం పనిచేస్తుంది. 20 కిలోల కుక్క అయితే దానిని పట్టి ఉంచే పట్టీ దాదాపు 400 కిలోల బరువును మోయగలిగి ఉండాలి. ఒడిలోని కుక్కను చేతులతో గట్టిగా పట్టుకుంటే చాలుననే అభిప్రాయం సరికాదని దీనినిబట్టి తెలుస్తుంది. ఏ మనిషి చేతులకూ అంత బలం ఉండదు.

=== డ్రైవరు దృష్టి మళ్ళడం ===

ఢీకొనడం కంటే ముందే మొదలయ్యే ప్రమాదం ఇది. కుక్క ముందు సీటులోకి దూకడం, స్టీరింగు మీద కాళ్ళు వేయడం, అద్దాలకు అడ్డంగా నిలబడడం, బ్రేకు పెడలు కిందికి దూరడం వంటివి డ్రైవరును ఇబ్బంది పెడతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు రెండు సెకన్లు వెనుకకు తిరిగి చూస్తే, ఆ రెండు సెకన్లలో కారు 44 మీటర్లు ముందుకు పోతుంది.

=== ప్రమాదం తరువాత ===

ప్రమాదంలో దెబ్బతినని కుక్క కూడా భయంతో కారు దిగి పారిపోవచ్చు. అది రహదారిపైకి పరుగెత్తి మరొక ప్రమాదానికి కారణం కావచ్చు. గాయపడిన యజమానిని కాపాడుకునే ప్రయత్నంలో సహాయానికి వచ్చినవారిని దగ్గరకు రానీయకుండా కరవనూ వచ్చు. నిలిపి ఉంచిన కుక్క వలన ఈ రెండు ప్రమాదాలూ తప్పుతాయి.

== నియంత్రణ సాధనాలు ==

=== ఛాతీపట్టీ ===

కుక్క ఛాతీ చుట్టూ, ముందు కాళ్ళ వెనుకగా వచ్చే వెడల్పాటి పట్టీని హార్నెస్ అంటారు. దీనిని కారులోని సీటు బెల్టుకు, లేదా బెల్టు బిగించే గాడికి ఒక చిన్న పట్టీతో కలుపుతారు. దెబ్బ బలం ఛాతీ ఎముకల మీద విస్తరించి పడుతుంది కనుక మెడకు హాని ఉండదు. కలిపే పట్టీ కుక్క కూర్చోవడానికి, పడుకోవడానికి సరిపోయేంత పొడవు ఉండాలి. సీటు అంచు దాటి కిందపడేంత పొడవు ఉండరాదు.

వీధిలో నడిపించడానికి వాడే పట్టీలు, ప్రమాదంలో కాపాడే పట్టీలు ఒకటి కావు. 2013లో అమెరికాలోని సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే లాభాపేక్ష లేని సంస్థ, సుబారు కార్ల కంపెనీ సహకారంతో కుక్క బొమ్మలను ఉపయోగించి ఛాతీపట్టీలను పరీక్షించినది. క్షేమకరమైనవిగా అమ్ముడవుతున్న పట్టీలలో చాలా వరకు ఈ పరీక్షలో తగిన రక్షణ ఇవ్వలేకపోయాయి. అందువలన ప్లాస్టిక్ కొక్కేలకు బదులు లోహపు కొక్కేలు, వెడల్పాటి ఛాతీభాగం, గట్టి కుట్లు ఉన్న పట్టీలను ఎంచుకోవడం మంచిది. ఒకసారి ప్రమాదానికి గురైన పట్టీని, పైకి బాగానే కనిపించినా, తిరిగి వాడరాదు.

=== మెడపట్టీ, గొలుసు ===

మెడపట్టీకి గొలుసు తగిలించి దానిని సీటుకో, తలుపు పిడికో కట్టడం చాలామంది చేసే పొరపాటు. హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు మొత్తం బలం మెడ మీద, శ్వాసనాళం మీద పడుతుంది. కుక్క సీటు మీదనుండి జారితే ఉరి బిగుసుకొనే అవకాశం కూడా ఉన్నది. మెడపట్టీ గుర్తింపు బిళ్ళ కోసం, నడిపించడం కోసం మాత్రమే ఉపయోగించాలి.

=== బోను ===

అన్ని వైపులా గాలి ఆడే బోను చాలా కుక్కలకు అనువైనది. అందులో కుక్క తల తగలకుండా నిలబడడానికి, వెనుకకు తిరగడానికి, కాళ్ళు చాపి పడుకోవడానికి చోటు ఉండాలి. విమాన ప్రయాణాలలో పాటించే కొలత పద్ధతిని కార్లకు కూడా వాడవచ్చు. దాని ప్రకారం బోను పొడవు, కుక్క ముక్కు కొన నుండి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు నేల నుండి మోచేతి వరకు ఉన్న ఎత్తులో సగం కలిపితే వచ్చేంత ఉండాలి. వెడల్పు భుజాల వెడల్పుకు రెండు రెట్లు, ఎత్తు నిలబడినప్పటి తల ఎత్తుకు కొంచెం ఎక్కువ ఉండాలి.

బోనును బిగించకుండా సీటు మీద ఊరికే పెట్టినట్లయితే ప్రమాదంలో బోనుతో సహా కుక్క ఎగిరిపడుతుంది. బోనును బెల్టులతో, పట్టీలతో కారుకు గట్టిగా కట్టవలెను.

=== అడ్డుజాలి ===

వెనుక తలుపు పైకి లేచే కార్లలో, సామాను పెట్టే భాగానికీ వెనుక సీటుకూ మధ్య ఇనుప జాలిని బిగిస్తారు. పెద్ద కుక్కలకు ఇది సౌకర్యం. కుక్క మనుషుల మీదికి ఎగిరిపడకుండా జాలి ఆపుతుంది కాని, కుక్కకు తగిలే దెబ్బను తగ్గించదు. కనుక జాలితో పాటు ఛాతీపట్టీ కూడా ఉంటే మేలు. సీట్లతో సంబంధం లేకుండా మూసి ఉండే డిక్కీలో గాలి ఆడదు. అందులో కుక్కను ఎట్టి పరిస్థితులలోనూ ఉంచరాదు.

=== ముందు సీటు, ఎయిర్‌బ్యాగ్ ===

భారతదేశంలో కొత్త కారు మోడళ్ళకు డ్రైవరు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ ఉండాలన్న నిబంధన 2021 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చినది. ఎయిర్‌బ్యాగ్ పెద్దమనిషి ఛాతీ ఎత్తును దృష్టిలో ఉంచుకొని తయారైనది. కన్నుమూసి తెరిచేలోపల విచ్చుకునే ఆ సంచి ముందు సీటులోని కుక్క తలకు, మెడకు ప్రాణాంతకమైన దెబ్బ తగిలించవచ్చు. కుక్క స్థానం ఎల్లప్పుడూ వెనుక సీటు, లేదా దాని వెనుక ఉన్న తెరపైన భాగం.

== భారతదేశంలో చట్టాలు ==

=== జంతుహింస నివారణ చట్టం, 1960 ===

ఈ చట్టంలోని 3వ సెక్షను ప్రకారం జంతువు బాధ్యత కలిగిన ప్రతి వ్యక్తి దాని క్షేమానికి, దానికి అనవసరమైన నొప్పి, బాధ కలగకుండా ఉండడానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలి. 11వ సెక్షను ఏయే పనులు క్రూరత్వమో వివరిస్తుంది. వాటిలో ప్రయాణానికి సంబంధించినవి:

* అనవసరమైన నొప్పి, బాధ కలిగే విధంగా, లేదా అటువంటి భంగిమలో జంతువును వాహనంలో గాని మరో విధంగా గాని తీసుకుపోవడం.
* కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులోనో, పెట్టెలోనో ఉంచడం.
* మరీ పొట్టిదైన, లేదా మరీ బరువైన గొలుసుతో, తాడుతో అనుచితమైనంత సేపు కట్టి ఉంచడం.
* యజమాని అయి ఉండి తగినంత తిండి, నీరు, నీడ కల్పించకపోవడం.

మొదటిసారి నేరానికి 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. మూడేళ్ళలోపు మళ్ళీ నేరం చేస్తే 25 నుండి 100 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. జరిమానా ఇంత స్వల్పంగా ఉండడం వలన చట్టానికి భయపడేవారు లేరని జంతు సంక్షేమ కార్యకర్తలు చాలాకాలంగా విమర్శిస్తున్నారు. శిక్షలు పెంచడానికి కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో ఒక సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసినది. జరిమానా చిన్నదే అయినా, శిక్షపడిన యజమాని నుండి జంతువును తప్పించే అధికారం 29వ సెక్షను ద్వారా న్యాయస్థానానికి ఉన్నది.

ఈ చట్టం కింద 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడినది. ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ దీనికి తొలి అధ్యక్షురాలు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు కేసు తీర్పులో 3, 11 సెక్షన్లను విస్తృతంగా చర్చించి, ఆకలిదప్పుల నుండి, భయం నుండి, నొప్పి నుండి విముక్తి వంటి ఐదు స్వేచ్ఛలను ప్రస్తావించినది.

=== జంతువుల రవాణా నిబంధనలు, 1978 ===

1960 చట్టం కింద రూపొందిన ఈ నిబంధనలలో కుక్కలు, పిల్లుల రవాణాకు ప్రత్యేక అధ్యాయం ఉన్నది. ఇవి రైలు, రోడ్డు, జలమార్గం, విమానం అన్నింటికీ వర్తిస్తాయి. వాటి సారాంశం:

* ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నదని, రేబీస్ వంటి అంటువ్యాధి లక్షణాలు లేవని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలి. అది లేకుంటే రవాణా సంస్థ జంతువును అంగీకరించరాదు.
* నిండు చూలుతో ఉన్న కుక్కను రవాణా చేయరాదు.
* పాలు మరవని పిల్లలను తల్లితో తప్ప ఇతర పెద్ద కుక్కలతో కలిపి పంపరాదు. ఎదకు వచ్చిన ఆడకుక్కను మగకుక్కతో కలిపి పంపరాదు.
* కరిచే స్వభావం గల కుక్కను విడిగా బోనులో ఉంచి, మూతికి చిక్కం వేసి, హెచ్చరిక చీటీ అంటించాలి.
* దూర ప్రయాణమైతే బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు మేత, నీరు పెట్టాలి. దారిలో వేసవిలో నాలుగు గంటలకు, చలికాలంలో ఆరు గంటలకు ఒకసారి నీరు ఇవ్వాలి. పెద్ద కుక్కలకు పన్నెండు గంటలకొకసారి ఆహారం పెట్టాలి.
* ప్రజారవాణా వాహనంలో రోడ్డుమీద తీసుకువెళ్ళేటప్పుడు బోనును వాహనం పైకప్పు మీద పెట్టరాదు, లోపలే ఉంచాలి. వాహనం వీలైనంత వరకు ఒకే వేగంతో, కుదుపులు లేకుండా పోవాలి.

ఈ నిబంధనలు ప్రధానంగా సరుకుగా పంపే జంతువులను ఉద్దేశించినవి. సొంత కారులో యజమాని వెంట వెళ్ళే కుక్కకు కూడా ఇందులోని నీరు, ఆహారం, కుదుపుల సూచనలు మంచి మార్గదర్శకాలు.

=== మోటారు వాహనాల చట్టం, 1988 ===

ఈ చట్టం 125వ సెక్షను ప్రకారం, వాహనాన్ని అదుపు చేయడంలో డ్రైవరుకు ఆటంకం కలిగే విధంగా ఎవరినీ కూర్చోనివ్వరాదు, ఏ వస్తువునూ ఉంచరాదు. ఒడిలో కుక్కను పెట్టుకొని నడపడం ఈ సెక్షను ఉద్దేశానికి విరుద్ధం. దాని వలన వాహనం అపాయకరంగా నడిచినట్లయితే 184వ సెక్షను వర్తించవచ్చు. 2019 సవరణ తరువాత దానికి మొదటిసారి ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుండి ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని సీటు బెల్టు నియమం (138) మనుషుల గురించి మాత్రమే చెబుతుంది.

2015లో ఈ నిబంధనలకు 125-ఇ అనే నియమం చేర్చారు. ఇది పశువులను తరలించే లారీలకు సంబంధించినది. ఒక ఆవుకు లేదా గేదెకు 2 చదరపు మీటర్లు, ఒక గొర్రెకు లేదా మేకకు 0.3 చదరపు మీటరు చొప్పున విడివిడి అరలు ఉండాలని ఇది చెబుతుంది. కారులో వెళ్ళే కుక్కకు ఇటువంటి కొలత ఏదీ మోటారు వాహనాల నిబంధనలలో లేదు. చట్టం కుక్కను బాధించరాదని చెప్పినది కాని, బెల్టు కట్టమని చెప్పలేదు. ఈ ఖాళీని పూరించవలసినది యజమాని విజ్ఞతే.

=== భారతీయ న్యాయ సంహిత, 2023 ===

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఈ సంహితలోని 291వ సెక్షను ప్రకారం, తన అధీనంలోని జంతువు వలన మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దారిలో ఆగినచోట గొలుసు లేకుండా దింపిన కుక్క ఎవరినైనా కరిస్తే ఈ సెక్షను వర్తించే అవకాశం ఉన్నది.

== వేసవి ఎండ, వడదెబ్బ ==

దక్షిణ తెలంగాణలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇటువంటి వాతావరణంలో ఆగి ఉన్న కారు కుక్కకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

కారు అద్దాల గుండా లోపలికి వచ్చిన ఎండ సీట్లను, డాష్‌బోర్డును వేడి చేస్తుంది. ఆ వేడి తిరిగి బయటకు పోలేక లోపలి గాలిని వేడెక్కిస్తుంది. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం ఆగి ఉన్న కారు లోపలి ఉష్ణోగ్రత ఒక గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగినది. ఈ పెరుగుదలలో ఎనభై శాతం మొదటి అరగంటలోనే జరిగినది. కిటికీ అద్దాలను కొద్దిగా దించి ఉంచడం వలన చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు.

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత 38.3 నుండి 39.2 డిగ్రీల వరకు ఉంటుంది. మనిషివలె ఒళ్ళంతా చెమట పట్టదు కనుక అది ప్రధానంగా నాలుక చాచి ఒగర్చడం ద్వారానే శరీరాన్ని చల్లబరచుకుంటుంది. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉన్నప్పుడు ఒగర్చడం వలన ఫలితం ఉండదు. శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటితే వడదెబ్బగా భావించి వెంటనే చికిత్స చేయాలి. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు, లావెక్కిన కుక్కలు, ముసలి కుక్కలు త్వరగా వడదెబ్బకు గురవుతాయి.

వడదెబ్బ లక్షణాలు: ఆగకుండా ఒగర్చడం, చిక్కని చొంగ కారడం, చిగుళ్ళు ఎర్రబడడం, తూలడం, వాంతి, చివరకు స్పృహ తప్పడం.

ప్రథమ చికిత్స: కుక్కను నీడకు చేర్చి ఒళ్ళంతా చల్లని నీరు పోస్తూ గాలి విసరాలి. తడి తువ్వాలును కప్పి అలాగే వదిలివేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది కనుక అలా చేయరాదు. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీరు తాగనివ్వాలి. ముందుగా చల్లబరచి, ఆ తరువాత ఏసీ వేసిన కారులో పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. పైకి కోలుకున్నట్లు కనిపించినా వైద్యునికి చూపించడం అవసరం. మూత్రపిండాల వంటి అవయవాలు దెబ్బతిన్న సంగతి తరువాత బయటపడవచ్చు.

== పోచంపల్లి మార్గం: ఒక ఉదాహరణ ==

భూదాన్ పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలోని చేనేత పట్టణం. 2016 అక్టోబరు వరకు ఇది నల్గొండ జిల్లాలో ఉండేది. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాల భూమిని దానం చేయడంతో భూదానోద్యమం ఇక్కడే మొదలైనది. ఇక్కడి ఇక్కత్ చీరలు ప్రపంచ ప్రసిద్ధి పొందినవి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినది. హైదరాబాదుకు దగ్గరలో ఉండడం వలన ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చే కుటుంబాలు ఎక్కువ. కుక్కను వెంటబెట్టుకొని వెళ్ళేవారు ఎదుర్కొనే సమస్యలన్నీ ఈ చిన్న ప్రయాణంలో కనిపిస్తాయి.

హైదరాబాదు నుండి విజయవాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై కొంతదూరం ప్రయాణించి పోచంపల్లి వైపు తిరగాలి. రహదారిపై కార్లు వేగంగా పోతాయి. మలుపు తిరిగిన తరువాత ఊళ్ళ మధ్యగా సాగే దారిలో వేగనిరోధకాలు, గొర్రెల మందలు, ట్రాక్టర్లు ఎదురవుతాయి. హఠాత్తుగా బ్రేకు వేయవలసిన సందర్భాలు ఇక్కడే ఎక్కువ. దూరం తక్కువ కదా అని కుక్కకు పట్టీ బిగించకపోవడం పొరపాటు. సీటు మీదనుండి కుక్క పడిపోవడానికి పెద్ద ప్రమాదమే జరగనక్కరలేదు.

రెండవ సమస్య బేరం. చీరల ఎంపిక పది నిమిషాలలో ముగిసేది కాదు. గడపలో అడుగుపెట్టి నాలుగు చీరలు విప్పించి చూసేసరికి గంట గడుస్తుంది. మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు కారులో వదిలిన కుక్కకు ఆ గంట ప్రాణాంతకం. చెట్టు నీడన కారు నిలిపినా నీడ కదులుతుంది. ఏసీ వేసి ఇంజను నడుస్తుండగా వదిలి వెళ్ళడం కూడా నమ్మదగిన ఉపాయం కాదు. ఇంజను ఆగిపోవచ్చు, కుక్క కాలు తగిలి మీట మారిపోవచ్చు, లోపలినుండి తలుపుల తాళం పడవచ్చు. కుటుంబంలో ఒకరు వంతుల వారీగా కుక్కతో నీడలో ఉండడం, లేదా వేసవిలో కుక్కను ఇంటివద్దనే ఉంచడం సరైన పద్ధతి.

మూడవది మగ్గాల సంగతి. నేతగాళ్ళ ఇళ్ళలో గుంట మగ్గాలు, ఆరబెట్టిన రంగు నూలు, సాగదీసి కట్టిన పడుగు ఉంటాయి. చిటికి కట్టి రంగులద్దిన నూలు వరుస తప్పితే నమూనా చెడిపోతుంది. అనేక రోజుల శ్రమ వృథా అవుతుంది. గొలుసు లేని కుక్క ఒక్కసారి పడుగులోకి దూకినా జరిగే నష్టం నేతగాని కుటుంబానికి చిన్నది కాదు. కుక్కతో మగ్గాల గదిలోకి వెళ్ళకపోవడమే మర్యాద.

నాలుగవది ఊరకుక్కలు. కొత్త కుక్క కారు దిగగానే ఆ వీధి కుక్కలు చుట్టుముడతాయి. కారు తలుపు తెరవకముందే గొలుసు తగిలించి, దాని కొస చేతికి చుట్టుకొని, ఆ తరువాతే తలుపు తీయాలి. ప్రయాణాలలో కుక్కలు తప్పిపోవడం తరచు తలుపు తెరిచిన ఆ క్షణంలోనే జరుగుతుంది.

== ప్రయాణానికి ముందు, ప్రయాణంలో ==

* '''అలవాటు:''' మొదట ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టి, తరువాత వీధి చివరి వరకు, ఆ తరువాత కొన్ని కిలోమీటర్లు తిప్పి క్రమంగా అలవాటు చేయాలి. పట్టీని, బోనును ఇంటిలోనే ముందుగా అలవాటు చేసినట్లయితే కుక్క భయపడదు.
* '''తిండి:''' కడుపునిండా పెట్టిన వెంటనే బయలుదేరితే వాంతులవుతాయి. రెండు మూడు గంటల ముందు తేలికపాటి ఆహారం పెట్టడం మంచిది.
* '''మందులు:''' వాంతులకు, భయానికి మందులను పశువైద్యుని సలహాతోనే ఇవ్వాలి. మనుషులు వాడే పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ వంటి మాత్రలు కుక్కలకు విషతుల్యం కావచ్చు.
* '''టీకాలు:''' రేబీస్ టీకా వేయించిన పత్రం వెంట ఉండాలి. దారిలో కుక్క ఎవరినైనా కరిస్తే మొదట అడిగేది ఈ పత్రాన్నే.
* '''గుర్తింపు:''' మెడపట్టీకి యజమాని ఫోను నంబరు చెక్కిన బిళ్ళ ఉండాలి. చర్మం కింద అమర్చే మైక్రోచిప్ పోగొట్టుకోలేని గుర్తింపు.
* '''విరామాలు:''' రెండు గంటలకొకసారి వాహనం ఆపి నీరు తాగించి నాలుగడుగులు నడిపించాలి. హైదరాబాదు-విజయవాడ దారిలో చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట విరామాలకు అనువైన ఊళ్ళు. ఎండలో కాలిన తారు రోడ్డు కుక్క అరికాళ్ళను బొబ్బలెక్కిస్తుంది. అరచేతిని కొన్ని సెకన్లు ఆనించి ఉంచలేని నేలమీద కుక్కను నడిపించరాదు.
* '''కిటికీ:''' తల బయట పెట్టనిచ్చినట్లయితే దుమ్ము, పురుగులు కళ్ళలో పడతాయి. ఎదురుగా, పక్కగా వచ్చే వాహనాల ప్రమాదం సరేసరి. కుక్క కాలు మీటపై పడి అద్దం పైకి లేచి మెడ నలిగే ప్రమాదం కూడా ఉన్నది. కిటికీ మీటలకు తాళం వేసే సౌకర్యం ఉంటే వాడుకోవాలి.

అత్యవసర పరిస్థితులలో పశువైద్య సహాయానికి తెలంగాణలో 1962 నంబరు ఉన్నది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం సంచార పశువైద్యశాలలను ఈ నంబరుతో ప్రారంభించినది. హైదరాబాదులోని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో బోధన, చికిత్స రెండూ జరుగుతాయి. 1992లో అక్కినేని అమల, నాగార్జున దంపతులు స్థాపించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ గాయపడిన జంతువుల రక్షణలో పేరుపొందిన సంస్థ.

== ఇతర వాహనాలు, రైలు ==

'''ద్విచక్ర వాహనాలు:''' స్కూటరు కాళ్ళపలక మీద కుక్కను నిలబెట్టి తీసుకువెళ్ళడం మన ఊళ్ళలో సాధారణం. కుక్క దూకినా, కదిలినా బండి అదుపు తప్పుతుంది. అక్కడ దానిని పట్టి ఉంచే సాధనం ఏదీ లేదు. గొలుసు హ్యాండిలుకు కట్టడం మరింత అపాయకరం.

'''ఆటో:''' రెండు పక్కలా తెరిచి ఉంటుంది కనుక కుక్కను బోనులో గాని, ఛాతీపట్టీకి పొట్టి గొలుసు వేసి మధ్యలో గాని కూర్చోబెట్టాలి. పట్టీ కొస పెద్దవారి చేతిలో ఉండాలి.

'''ట్రాలీ ఆటో, జీపు:''' తెరిచి ఉన్న వెనుక భాగంలో మెడగొలుసుతో కట్టిన కుక్క అంచుమీదుగా దూకి వేలాడి చనిపోవచ్చు. ఇటువంటి వాహనంలో బిగించిన బోను తప్ప వేరే క్షేమమైన మార్గం లేదు.

'''రైలు:''' భారతీయ రైల్వేలలో ఏసీ మొదటి తరగతిలో కూపే లేదా క్యాబిన్ మొత్తం తమ పేర కేటాయింపు అయిన ప్రయాణికులు కుక్కను వెంట తీసుకువెళ్ళవచ్చు. ఇతరులు గార్డు వద్ద ఉండే బ్రేక్‌వ్యానులోని కుక్కల పెట్టెలో పంపాలి. ఇతర ఏసీ, స్లీపరు తరగతులలో కుక్కలకు అనుమతి లేదు.

== ఇతర దేశాలలో ==

'''బ్రిటన్:''' హైవే కోడ్ 57వ నియమం ప్రకారం కుక్కలను, ఇతర జంతువులను డ్రైవరు దృష్టి మళ్ళకుండా, హఠాత్తుగా ఆగినప్పుడు ఎవరికీ గాయం కాకుండా తగిన విధంగా నిలిపి ఉంచాలి. ఈ నియమాన్ని పాటించకపోవడం దానికదే నేరం కాకపోయినా, అజాగ్రత్తగా వాహనం నడిపిన కేసులలో సాక్ష్యంగా పనికి వస్తుంది.

'''ఇటలీ:''' రహదారుల చట్టం 169వ అధికరణం ప్రకారం డ్రైవరుకు ఆటంకం కలగనంతవరకు ఒక పెంపుడు జంతువును విడిగా ఉంచవచ్చు. ఒకటికి మించి ఉంటే బోనులోనో, జాలి అడ్డుగా ఉన్న వెనుక భాగంలోనో ఉంచాలి.

'''అమెరికా:''' చట్టాలు రాష్ట్రానికొక విధంగా ఉన్నాయి. తెలుగువారు అధికంగా నివసించే న్యూజెర్సీలో జంతువును క్రూరమైన రీతిలో వాహనంలో తీసుకుపోవడం నేరం. కాలిఫోర్నియాలో తెరిచి ఉన్న ట్రక్కు వెనుక భాగంలో కుక్కను బోనులో గాని, కట్టి గాని తీసుకువెళ్ళాలి. ఎండలో మూసిన కారులో జంతువును ప్రమాదకరమైన స్థితిలో వదలడం కూడా అక్కడ శిక్షార్హం. హవాయిలో డ్రైవరు ఒడిలో జంతువును ఉంచుకోవడం నిషిద్ధం.

'''ఆస్ట్రేలియా:''' న్యూ సౌత్ వేల్స్ రోడ్డు నియమాలలో ఒడిలో మనిషిని గాని, జంతువును గాని పెట్టుకొని వాహనం నడపరాదన్న 297వ నియమం ఉన్నది. తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడిన సిడ్నీ ఈ రాష్ట్రంలోనిదే.

ఈ దేశాల చట్టాలలో తేడాలు ఉన్నా సారాంశం ఒకటే. డ్రైవరు చేతులు, కళ్ళు స్వేచ్ఛగా ఉండాలి. కుక్క తన చోట కదలకుండా ఉండాలి. ఎండలో ఆగి ఉన్న కారులో ఏ ప్రాణినీ ఒంటరిగా వదలరాదు.

== ఇవి కూడా చూడండి ==

* కుక్క
* రేబీస్
* వడదెబ్బ
* భూదాన్ పోచంపల్లి
* మోటారు వాహనాల చట్టం